మెట్టధాన్యముల వంగడములు: వాని సంరక్షణ చరిత్ర

నూజివీడు ప్రాంతమున పుట్టి పెరిగినవారికి మామిడిపండ్ల రకములను గూర్చి చెప్పబోవుట హనుమంతుని ముందు కుప్పిగంతులు వేయుట వంటిది. చిన్నరసమునకును పెద్దరసమునకును గల భేదమును, బంగినపల్లికిని కలెక్టరుకాయకును గల వ్యత్యాసమును ఇచ్చట బడికి పోవు పిల్లవాడు కండ్లు మూసికొని వాసన చూచి చెప్పగలడు. ఆ పిల్లవానినే కొర్రలలో ఎన్ని రకములు గలవు, పచ్చజొన్నకును తెల్లజొన్నకును తేడా యేమి అని అడిగినచో తెల్లబోవును. అది వాని తప్పు కాదు. వాని తండ్రియు చెప్పలేకపోవచ్చును. తాతగారు చెప్పగలరు; అదియు వారికి జ్ఞాపకశక్తి నిలిచియున్నంత వరకే.

తోటలు ఇంతగా పరచుకొనకముందు మన మెట్టభూములలో జొన్న, సజ్జ, కొర్ర, వరిగ మొదలగు పైరులు పండుచుండెడివి. నేడవి చాలవరకు కనుమరుగైనవి. అయినను మెట్టధాన్యముల విత్తనములన్నియు నశించిపోలేదు. మన రాష్ట్రమునుండియు, పొరుగు ప్రాంతములనుండియు, దూరదేశములనుండియు సేకరింపబడినవి వేలకొలదిగా మంచుకంటె చల్లనైన గదులలో, ఒక్కొక్కటి ఒక్కొక్క సంఖ్య వేయించుకొని నిద్రించుచున్నవి. ఆ గదులు ఎట్లు వచ్చినవి, వానిలో ఉన్నదేమి, లేనిదేమి అను విషయమును రజతోత్సవ సంచిక చదువరుల ముందుంచుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను చెదలనుండి కాపాడుకొనుచు వచ్చిన గ్రంథాలయ సభ్యులకు ఈ కథ పరాయిది కాబోదు.

ముందుగా ఒక సంగతి చెప్పుకొనవలెను. మామిడిని కాపాడుటకును కొర్రను కాపాడుటకును మార్గము ఒకటి కాదు. రసపు టెంకను పాతిపెట్టినచో మొలచిన చెట్టు తల్లిని పోలునని నమ్మరాదు. అందుచేతనే మనవారు అంటు కట్టుదురు. అంటుమొక్క తల్లిచెట్టు యొక్క కొమ్మయే గనుక, నూరేండ్ల తరువాతనైనను అదే పండు, అదే రుచి. మెట్టధాన్యములకు అంటు లేదు. వానికి గింజయే ఆధారము. అందులోను రాగి, కొర్ర వంటివి తమ పుప్పొడితో తామే గర్భము ధరించును. పొరుగు మొక్కతో సంపర్కము బహు స్వల్పము. కనుక వాని సంతానము చాలవరకు తల్లి పోలికనే ఉండును. జొన్న కొంత భిన్నము. నూటికి ఐదు మొదలు పదునైదు గింజల వరకు పరాగసంపర్కమువలన కలుగవచ్చును. సజ్జ సంగతి చెప్పనే అక్కరలేదు. దాని వెన్నుపై కీలాగ్రములు ముందు బయటికి వచ్చును, పుప్పొడి తరువాత రాలును. ఈ వ్యవధిలో గాలి ఎచ్చటినుండి ఏ పుప్పొడిని తెచ్చిన అదియే దక్కును. ఒక సజ్జచేనులో రెండు మొక్కలు అచ్చముగా ఒకే తీరున నుండుట అరుదు. అందుచే కొర్ర రకమును కాపాడుటకు కొద్ది మొక్కలు చాలును గాని, సజ్జ రకమును దాని వైవిధ్యముతో కూడ కాపాడవలెనన్నచో నూరుకు పైబడిన మొక్కలను పెంచి, వెన్నులకు సంచులు తొడిగి, బయటి పుప్పొడి సోకకుండ చూడవలసియుండును.

ఈ ధాన్యములన్నియు మనకు పుట్టినింటివి కావు. జొన్నయు రాగియు తూర్పు ఆఫ్రికా ప్రాంతమువి. సజ్జ సహారా ఎడారికి దక్షిణమున నున్న పశ్చిమాఫ్రికా మైదానములది. కొర్రయు వరిగయు చీనాదేశపు ఉత్తరభాగమున మొదట సాగులోనికి వచ్చినవి. సామయు అరికయు మాత్రము మన భారతదేశపు బిడ్డలు. అండుకొర్ర దక్షిణాపథమున సాగైనది. వచ్చినవి వేల ఏండ్ల క్రిందట వచ్చి, కొండకొక రూపము, నేలకొక రంగు, వానకొక వయస్సు దాల్చి మనవే అయిపోయినవి. వాని పేర్లే ఇందుకు సాక్ష్యము. మనము రాగులనుదానిని ఉత్తరాంధ్రులు చోళ్లందురు, తెలంగాణమువారు తైదలందురు. గింజ యొకటే, పేర్లు మూడు. దీనికి విపర్యయముగా ఎఱ్ఱజొన్న యను ఒక్క పేరుతో నాలుగు జిల్లాలలో నాలుగు వేర్వేరు వంగడములు ఉండవచ్చును. విత్తనములను సేకరింపబోయినవారిని ఈ పేర్ల చిక్కు మొదటినుండియు ఇబ్బంది పెట్టుచునే యున్నది. పుస్తకముల పట్టిక తయారుచేసినవారికి ఒకే గ్రంథము మూడు శీర్షికలతో వచ్చినపుడు కలుగు తలనొప్పి ఎట్టిదో తెలిసియే యుండును.

లోకమున ఈ సేకరణమును ఒక శాస్త్రముగా నిలిపినవాడు రష్యాదేశీయుడగు నికొలాయ్ వావిలోవ్. ఒక పైరు తరతరములుగా సాగైన చోటులలో దాని రూపభేదములు అధికముగా నుండునని, రానున్న కాలమున తెగులుకును కరవుకును మందు అచ్చటనే వెదకవలెనని ఆయన గ్రహించి, దేశదేశములు తిరిగి గింజలు ప్రోగుచేసి లెనిన్‌గ్రాడ్ నగరమున భద్రపరచెను. ప్రభుత్వాగ్రహమునకు గురియై 1943లో సరతోవ్ చెరసాలలో ఆయన మరణించెను. అదే కాలమున జర్మను సేనలు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించియుండగా, ఆయన సహచరులు ఆకలితో మాడుచు కూడ ఆ గింజలను వండుకొనలేదు. వరి నిపుణుడైన ద్మిత్రి ఇవనోవ్ తన చుట్టును వేలకొలది వరిగింజల పొట్లములు ఉండగా అన్నము లేక మరణించెను. బియ్యపు మూటల నడుమ పస్తుండి ప్రాణము విడుచుట ఎంతటి నిగ్రహమో అన్నము తినెడి మనవంటివారికి విడమరచి చెప్పనక్కరలేదు.

మన వైపున ఈ పని మద్రాసు రాజధాని కాలమున ప్రారంభమైనది. ఆంధ్ర జిల్లాలు 1953 వరకు ఆ రాజధానిలోనివే గదా. 1923లో కోయంబత్తూరున చిరుధాన్యముల పరిశోధనకై ఒక క్షేత్రము స్థాపింపబడెను. అచ్చట జి. ఎన్. రంగస్వామి అయ్యంగారు జొన్న, సజ్జ, రాగి, కొర్ర మున్నగువానిలో ఏ లక్షణము తల్లినుండి బిడ్డకు ఏ విధముగా సంక్రమించునో ఓపికతో లెక్కించుచు 1930లలో వరుసగా వ్యాసములు ప్రకటించిరి. గింజ రంగు, ఆకు ఈనె రంగు, కణుపుల వద్ద ఊదా చాయ, వెన్ను బిగువు, నూగు పొడవు: ఇట్టి చిన్న చిన్న విషయములే ఆయనకు శాస్త్రసామగ్రి. చూచువారికి ఇది చాదస్తముగా తోపవచ్చును. కాని రైతు తన చేలోని మొక్కను గుర్తుపట్టునది కూడ ఈ గురుతులతోనే. ఆయన చేసినదెల్ల రైతు కంటితో చూచినదానిని కాగితముపై అంకెలుగా మార్చుటయే.

ఇక ఈ చరిత్రలో మనము కొంచెము నిలిచి చూడవలసిన ఘట్టము హైదరాబాదు రాజేంద్రనగరమున జరిగినది. 1960లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయముతో లోకమునందలి జొన్నరకములను ఒక్కచోట చేర్చు ప్రయత్నము భారతదేశమున సాగెను. వివిధ దేశములనుండి 16,138 నమూనాలు వచ్చి చేరినవి. ఒక్కొక్కదానికి అంతర్జాతీయ జొన్న సంఖ్య యని ఒక గురుతు ఇయ్యబడెను. అంతటి సంపద ఏ రాజుల ధాన్యాగారములందును ఎన్నడును లేదు. అయితే 1974లో ఆ సేకరణము పటాన్‌చెరువునందు కొత్తగా వెలసిన సంస్థకు అప్పగింపబడునప్పటికి జీవముతో నున్నవి 8,961 మాత్రమే. తక్కిన 7,177 నమూనాలు మొలకెత్తు శక్తిని కోల్పోయెను. దొంగలు దోచలేదు, నిప్పంటుకొనలేదు, వరద ముంచలేదు. తగిన చల్లదనమును పొడిదనమును గల గది లేదు, అంతే.

గింజ చూపునకు రాయివలె నున్నను లోపల ఊపిరి పీల్చుచునే యుండును. తేమయు వేడియు దాని ఆయుస్సును తినివేయును. గింజలోని తేమ నూటికి ఒక పాలు తగ్గినచో ఆయుస్సు ఇంచుమించు రెట్టింపగునని, నిలువయుంచిన చోట వేడి ఐదు డిగ్రీలు తగ్గినను అట్లే యగునని విత్తనశాస్త్రజ్ఞులు ఒక మోటు లెక్క చెప్పుదురు. మన ఇండ్లలో విత్తనములను ఎండలో బాగుగా ఆరబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, గాదెలో దాచి మూత చుట్టును మట్టి మెత్తెడి ఆడువారికి ఈ లెక్క అంకెలలో తెలియకున్నను ఆచరణలో తెలియును. కాని వారికి మరుసటి తొలకరి వరకు నిలిచిన చాలును. పదునారువేల రకములను ఏండ్ల తరబడి నిలుపుట వేరు.

పోయిన 7,177లో మూడువేలకు పైగా తిరిగి దొరకినవి. ఎట్లన, వాని రెండవ ప్రతులు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని విత్తనశాలలలోను, ప్యూర్టోరికో దీవియందలి మయగ్వెజ్ పరిశోధనాకేంద్రమునను ఉండెను. తక్కిన సుమారు నాలుగువేల నమూనాలు అట్లు లభించలేదు. అవి ఏ ఊరి చేలలోనివో, ఏ తల్లి ఏరి ఇచ్చిన గింజలో, వానిలో ఏ గుణముండెనో ఇక చెప్పగలవారు లేరు. ఉన్న ఒక్క ప్రతిని అరువిచ్చి పోగొట్టుకొన్న గ్రంథాలయములు మన జిల్లాలలో లేకపోలేదు. ఆ బాధ మనకు తెలిసినదే.

పటాన్‌చెరువు సంస్థ, అనగా ఇక్రిశాట్, 1972లో స్థాపింపబడినది. రాజేంద్రనగరపు అనుభవము వృథా కాలేదు. అచ్చటి విత్తనశాలలో నిత్యము వాడుకకు ఇచ్చు విత్తనములను నాలుగు డిగ్రీల చల్లదనమున ఉంచుదురు. మూలప్రతుల వంటి విత్తనములను బాగుగా ఆరబెట్టి, గాలి తీసివేసిన అల్యూమినియపు రేకు సంచులలో బంధించి, సున్నకు ఇరువది డిగ్రీలు దిగువన దాచుదురు. ఇందు జొన్న 40,000కు పైగాను, సజ్జ 20,000కు పైగాను, రాగి 7,000కు పైగాను, కొర్ర 1,500కు పైగాను కలవు. వరిగ, ఊద, అరిక, సామ ఒక్కొక్కటి కొన్ని వందలు. శనగ, కంది, వేరుశనగలను కూడ చేర్చినచో మొత్తము 1,20,000కు మించిన నమూనాలు. ఇవి 144 దేశములనుండి వచ్చినవి. 2008లో నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవియందు మంచుకొండలో తొలిచిన విత్తన భాండాగారము తెరవబడిన పిమ్మట, ఇందలి లక్షకు పైబడిన నమూనాల రెండవ ప్రతులు అచ్చటికి పంపబడినవి. రెండవ ప్రతి ఎందుకని అడుగువారికి సిరియా దేశపు సంగతి సమాధానము. అలెప్పో నగర సమీపమున నున్న విత్తనశాల అంతర్యుద్ధము పాలుకాగా, 2015లో స్వాల్‌బార్డ్‌నుండి తమ విత్తనములను వెనుకకు తెచ్చుకొని ఆ సంస్థవారు ఇతర దేశములలో మరల పనికి ఉపక్రమించిరి.

సేకరించుటకు పోయినవారిలో మన తెలుగువారును ఉన్నారు. కె. ఇ. ప్రసాదరావుగారు ఇథియోపియా దేశీయుడగు మెలక్ మెంగేషాతో కలిసి ఇథియోపియాలోని గాంబెల్లా ప్రాంతమునకు పోయి జెరజెర యను జొన్నజాతిని ప్రత్యేకముగా వెదకి తెచ్చిరి. ఆ విషయమై వారి నివేదిక 1981లో వెలువడినది. మంచి గింజయు, ఆకు తెగుళ్లను తట్టుకొను శక్తియు గల ఆ జొన్న తరువాతి కాలమున పలుదేశముల సంకర రకములకు తల్లియో తండ్రియో అయినది. ఆంధ్రదేశమునుండి ఆఫ్రికా వనములకు పోయి గింజలు తెచ్చుట, అవి ఇచ్చట మొక్కలై మరల ఆఫ్రికా రైతుల చేలకు పోవుట మా బోంట్లకు పురాణకథవలె తోచును. కామెరూన్, ఇథియోపియా, నైజీరియా, సొమాలియా మొదలగు దేశములకు వారి పూర్వపు విత్తనములను పటాన్‌చెరువునుండి తిరిగి అందించిన సందర్భములు కలవు.

అయినను వేలకొలది సంచులు గల గది దానంతట అది ఎవరికిని ఉపకరించదు. పదివేల పుస్తకముల నడుమ నిలుచున్న క్రొత్త చదువరికి ఏది తీయవలెనో తోచదు గదా. ఈ చిక్కును విడదీయుటకు హరి ఉపాధ్యాయగారును, వారి సహచరులును ఒక ఉపాయము అవలంబించిరి. 2006లో 5,940 రాగి నమూనాలను పుట్టిన ప్రాంతము ననుసరించియు, మొక్క లక్షణముల ననుసరించియు వర్గములుగా విభజించి, ప్రతి వర్గమునుండి కొన్ని చొప్పున తీసి 622 నమూనాల సారసంగ్రహమును కూర్చిరి. తరువాత దానిని 80కి కుదించిరి. కొర్రలలో 1,474 నుండి 155 ఏరిరి. పదింట ఒక వంతు మాత్రమే చూచినను మొత్తమునందలి వైవిధ్యము చాలవరకు కంటబడునట్లు చేయుట దీనిలోని చాతుర్యము. కాని తక్కిన తొమ్మిది వంతులను పారవేయరాదని చెప్పనవసరము లేదు. ఎన్నడో ఒక అరుదైన గుణము ఆ తొమ్మిది వంతులలోనే బయటపడవచ్చును.

అట్లు ఏరిన రాగులను పక్కపక్కన విత్తి చూచినపుడు కనబడు భేదములు ఆశ్చర్యకరములు. కొన్నింటి కంకి వేళ్లు పిడికిలి బిగించినట్లు ముద్దగా నుండును. కొన్నింటివి అరచేయి చాచినట్లు విప్పారి యుండును. మరికొన్నింటివి పొడవై వ్రేలాడును. ఒకటి పొట్టిగా నుండి శీఘ్రముగా పూయును. ఒకటి నిలువెత్తు పెరిగి తీరికగా పూయును. గింజ ఇటుకరంగు, ముదురు గోధుమరంగు, కొన్నింట తెలుపు. ఇది కంటికి తెలియునది. కంటికి తెలియనిది పరీక్షలో బయటపడినది. 2011లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము ఆ సంగ్రహమునందలి రాగులలో కిలోకు సున్నము, అనగా కాల్షియము, తక్కువ యున్నదానిలో 1.84 గ్రాములు, ఎక్కువ యున్నదానిలో 4.89 గ్రాములు. ఇనుము 21.7 మిల్లీగ్రాముల నుండి 65.2 వరకు. రాగిజావ ఎముకకు బలమని మన పెద్దలు చెప్పుదురు. సత్యమే, కాని ఏ రాగి అను ప్రశ్న ఒకటి మిగిలియున్నది. రెండిండ్లలో రెండు ముంతల జావ త్రాగిన ఇద్దరు పిల్లలలో ఒకరికి మరియొకరికన్న రెండు రెట్లకు పైబడి సున్నము అందవచ్చును. పేరొక్కటే.

ఇంతటి వైవిధ్యము చేలనుండి ఎందుకు తొలగిపోయినదన్నచో, ఒక్కరిని నిందించుట న్యాయము కాదు. 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన నాటినుండి పల్లపు భూములలో వరి ప్రాబల్యము పెరిగినది. అన్నము తినుట పెద్దరికమునకును జొన్నసంకటి తినుట పేదరికమునకును గురుతుగా మారినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినపుడు పేదవాని కడుపు నిండెను. అది సామాన్య విషయము కాదు. దానితో పాటు అతడు కొర్రను విత్తవలసిన అవసరమును తగ్గెను. మెట్టలో నీరు దొరకిన చోట తోటలు వచ్చెను. మామిడి మనకు పేరును పైకమును తెచ్చిపెట్టినది. తోట వేసికొన్న రైతును ఎవరు తప్పు పట్టగలరు? వీనికి తోడు మరియొక కారణము కలదు. దానిని పండితులు తరచు మరచెదరు. జొన్న, రాగి తప్ప కొర్ర, సామ, అరిక, వరిగలకు గట్టి పొట్టు ఉండును. దానిని రోకటితో దంచి తీయుట ఆడువారి రెక్కలకు చావు. వరికి మిల్లు వచ్చినది, కొర్రకు రాలేదు. తెల్లవారుజామున లేచి అరికలు దంచిన అమ్మను అడిగినచో ఆ పంట పోయినందుకు ఆమె కన్నీరు పెట్టకపోవచ్చును. ఇటీవల చిన్న మరలు వచ్చుటయు, ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించుటయు ఈ ధాన్యములకు మరల కొంత గౌరవము తెచ్చినవి. పట్టణముల అంగళ్లలో కొర్రలు బియ్యముకన్న ప్రియముగా అమ్ముడుపోవుచున్నవి. అయితే అంగడికి కావలసినది ఒకే తీరు గింజ. పది రంగుల కొర్రలను అంగడివాడు కోరడు. నంద్యాల పరిశోధనాస్థానమునుండి వచ్చిన సూర్యనంది వంటి కొర్రలు మంచి దిగుబడి నిచ్చునవియే. కాని ప్రతి రైతును అదే విత్తినచో, కొర్ర తిరిగి వచ్చినను కొర్రలు తిరిగి వచ్చినట్లు కాదు.

చల్లని గదియందలి విత్తనము చావదు. అట్లని పెరుగదు కూడ. దాచిన నాటి వాననే అది ఎరుగును. తరువాత వచ్చిన ఎండలను, పురుగులను ఎరుగదు. మొలకశక్తి తగ్గినపుడు దానిని విత్తి క్రొత్త గింజ తీయవలెను. అది తాళపత్రమును తిరిగి వ్రాయుట వంటిది. లేఖకుడు మారిన కొలది ఒక్కొక్క అక్షరము జారిపోవుచుండును. కనుక చేలలో ఏటేట విత్తి కాపాడెడివారును ఉండవలెను. జహీరాబాదు వద్ద పస్తాపూరు కేంద్రముగా 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు, వారిలో పెక్కుమంది దళితులు, ఈ పనిని చేసి చూపినారు. ఒక్క చెలకలో పలు పంటలు కలిపి విత్తుట, ఇంట బుట్టలలో విత్తనము దాచుట, అడిగినవారికి ఇచ్చి మరుసటి ఏట కొంత అధికముగా తిరిగి తీసికొనుట వారి పద్ధతి. సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లపై విత్తనములను అలంకరించి ఊరూర త్రిప్పు పాత పంటల జాతరను వారు నడపినారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము వారికి లభించినది. పటాన్‌చెరువు నుండి పస్తాపూరుకు దూరము ఎక్కువ లేదు. ఒకచోట యంత్రముల చలి, మరియొకచోట బూడిదయు వేపాకును. రెండును ఉండవలసినవే యని నా అభిప్రాయము. ఒకదానినే ఎన్నుకొనుమన్నచో నేను ఎన్నుకొనజాలను. రాజేంద్రనగరమున గది లేక పోయినవి జ్ఞప్తికి వచ్చును, గదిలో ఉండియు విత్తువారు లేనివియు జ్ఞప్తికి వచ్చును.

మన నూజివీడు ప్రాంతమున మామిడికి పరిశోధనాకేంద్రము కలదు. తోటలే దాని గ్రంథములు. మెట్టధాన్యములకు అట్టిది మనము ఏర్పరచుకొనజాలము. అయినను ఒక పని గ్రంథాలయము చేయగలది కలదు. సేకరించిన విత్తనము వెంట ఊరు పేరు, రకము పేరు, తేదీ వ్రాయుదురు. ఆ గింజను ఏ కార్తెలో విత్తిరి, మృగశిరలోనా, ఆరుద్రలోనా. ఏ నేలలో బాగుగా పండెను. పిట్ట దేనిని ముట్టకుండెను. ఏ జొన్న రొట్టెకు సాగును, ఏది సంకటికి కుదురును, ఏది పేలాలకు పొంగును. చొప్పను పశువు ఇష్టముగా తినెనా లేదా. బాలింతకు ఏది పెట్టిరి. ఇట్టివి అంకెలలో ఇమిడెడివి కావు. అవి ఎనుబది దాటిన మన పెద్దల నోటనే ఉన్నవి. పుస్తకముల రిజిస్టరు ప్రక్కన రెండు వందల పుటల నోటుపుస్తకము ఒకటి ఉంచి, ప్రతి ఆదివారము ఇద్దరు యువసభ్యులు ఒక పెద్దవారి ఇంటికి పోయి, వారు చెప్పినది చెప్పినట్లు, వారి మాటలలోనే వ్రాసికొని రావలెనని కార్యవర్గమునకు నా మనవి. ఎవరి ఇంటనైన ఉట్టిమీద, పాతకుండలో పిడికెడు వరిగలో కొర్రలో మిగిలియున్నచో వానిని వండుకొనక, వచ్చు తొలకరికి పెరటిలో ఒక మడి విత్తి చూడవలెను.